ప్రతిజ్ఞలు చాలు, పిల్లలకు కరెంటు బిల్లు చూపించండి

రెండు తెలుగు రాష్ట్రాల్లోని రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలు, ఇంజనీరింగ్ కాలేజీల యాజమాన్యాలకు, ప్రిన్సిపాళ్లకు, హాస్టల్ వార్డెన్లకు

నమస్కారం.

మీ క్యాంపస్‌లో వెయ్యి మందో, రెండు వేల మందో పిల్లలు ఉంటారు. కాలేజీకి నెలకు కరెంటు బిల్లు ఎంత వస్తుందో వాళ్లలో ఒక్కరికైనా తెలుసా? తెలియదు. చాలాచోట్ల లెక్చరర్లకే తెలియదు. అకౌంట్స్ సెక్షన్‌లో ఒకరికి, యాజమాన్యంలో ఒకరిద్దరికి తెలుస్తుంది. బిల్లు వస్తుంది, కట్టేస్తారు, ఫైల్లో పెట్టేస్తారు. డిసెంబర్ 14 రాగానే మాత్రం ఆ పిల్లలనే ఆడిటోరియంలో నిలబెట్టి, చెయ్యి ముందుకు చాపించి, ఇంధనాన్ని పొదుపుగా వాడతామని ప్రతిజ్ఞ చేయిస్తారు. జాతీయ ఇంధన పొదుపు దినోత్సవం కదా! ఆ వారమంతా వారోత్సవాలు. వ్యాసరచన, పెయింటింగ్, ర్యాలీ. భూగోళం కన్నీళ్లు పెట్టుకుంటున్న బొమ్మకు ఫస్ట్ ప్రైజు.

నేను విద్యుత్ శాఖలో ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాను. ఇలాంటి సభలకు ముఖ్య అతిథిగా పిలిస్తే వెళ్తుంటాను. వెళ్లిన ప్రతిచోటా పిల్లలు శ్రద్ధగానే విన్నారు. లోపం వాళ్లలో ఉందని నాకు ఎప్పుడూ అనిపించలేదు. పొదుపు చేయమని చెబుతూ, ఎంత ఖర్చవుతోందో చెప్పకుండా దాచడంలోనే తిరకాసు ఉంది. మార్కులు ఎప్పుడూ చూపించకుండా బాగా చదవమంటే ఏ పిల్లవాడైనా ఎలా చదువుతాడు? వారం వారం టెస్టులు పెట్టి, ర్యాంకులు నోటీసు బోర్డు మీద అంటించి, తండ్రి ఫోన్‌కు మెసేజ్ పంపే మీకు ఈ సంగతి నేను చెప్పనక్కర్లేదు.

ఈ తరం గురించి ఒక మాట గుర్తుంచుకోవాలి. ఇప్పుడు ఇంటర్‌లో, ఇంజనీరింగ్‌లో ఉన్న పిల్లలకు కరెంటు కోతలు సరిగ్గా గుర్తులేవు. ఉమ్మడి రాష్ట్రంలో 2012, 2013 ప్రాంతాల్లో ఊళ్లలో గంటల తరబడి కరెంటు ఉండేది కాదు. ఫ్యాక్టరీలకు పవర్ హాలిడేలు ఉండేవి. అప్పటికి వీళ్లు పసిపిల్లలు. ఊహ తెలిసినప్పటి నుంచి స్విచ్ వేస్తే కరెంటు వస్తోంది. మంచిదే, అందుకోసమే మేమంతా పనిచేశాం. ఇప్పుడు తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్లలోపు వాడే అర్హులైన ఇళ్లకు జీరో బిల్లు వస్తోంది. పేదింటికి అది ఎంత ఆసరానో నాకు తెలుసు, దాన్ని తప్పుపట్టను. కానీ జీరో బిల్లు మీద కూడా వాడిన యూనిట్లు ముద్రించి ఉంటాయి, ఆ అంకెను ఎవరూ చూడటం లేదు. ఇంట్లో బిల్లు సున్నా, హాస్టల్లో బిల్లు ఫీజులో కలిసిపోయింది. ఇక పిల్లవాడికి యూనిట్ అంటే ఏమిటో ఎక్కడ తెలియాలి? ఫిజిక్స్ పుస్తకంలో తప్ప.

మీలో చాలామంది అనుసరిస్తున్న పద్ధతి ఒకటుంది. ఉదయం పిల్లలు క్లాసులకు వెళ్లగానే వార్డెన్ వచ్చి ఒక్కో అంతస్తుకు ఎంసీబీ (అంతస్తు మొత్తానికి కరెంటు ఆపే స్విచ్) దించేస్తాడు. సాయంత్రం నాలుగింటికో, నాలుగున్నరకో మళ్లీ ఎత్తుతాడు. ఇదే మా పొదుపు అని నాకు గర్వంగా చూపించిన వార్డెన్లున్నారు. అలా ఎంసీబీ ఎత్తిన వేళ ఒకసారి ఏదైనా అంతస్తులో నిలబడి చూడండి. టక్కుమని కారిడార్ మొత్తం వెలుగుతుంది. తాళాలు వేసిన గదుల్లో ఫ్యాన్లన్నీ ఒక్కసారిగా తిరగడం మొదలవుతుంది. పొద్దున కరెంటు ఎలాగూ పోతుందని పిల్లలు స్విచ్చులు అలాగే వదిలేసి వెళ్లారు మరి. వాళ్లు స్టడీ అవర్ ముగించుకుని గదికి వచ్చేది రాత్రికి. అప్పటిదాకా ఆ ఫ్యాన్లు ఎవరికి విసురుతున్నట్టు?

ఎంసీబీ వార్డెన్ చేతిలో ఉన్నంతకాలం స్విచ్ ఆపడం వార్డెన్ పనే అవుతుంది. ఆ పిల్లవాడు రేపు ఉద్యోగం చేస్తూ గచ్చిబౌలిలోనో, మధురవాడలోనో ఫ్లాట్ తీసుకున్నాక అక్కడ ఎంసీబీ దించడానికి వార్డెన్ ఉండడు.

ఇక లెక్కల్లోకి వస్తాను. మన పోస్టర్లు, స్లోగన్లు అన్నింటినీ ఒకే గాటన కట్టేస్తాయి. చార్జర్ ప్లగ్గు తీసెయ్యండి, లైటు ఆపండి, ఏసీ తగ్గించండి, మొక్క నాటండి. ఏది పెద్దదో, ఏది చిన్నదో ఎవరూ చెప్పరు. ఒక స్మార్ట్‌ఫోన్‌ను రోజుకోసారి నిండుగా చార్జ్ చేస్తే ఏడాదంతా కలిపి తొమ్మిది, పది యూనిట్లకు మించదు. ఒకటిన్నర టన్నుల ఏసీని 18 డిగ్రీల దగ్గర పెట్టుకుని పడుకుంటే ఎండాకాలం ఒక్క రాత్రిలోనే అంత కాలుతుంది. ఈ ఒక్క పోలిక చెప్పినప్పుడు పిల్లలు ముందుకు వంగి వింటారు. అరగంట ఉపన్యాసమిస్తే ఫోన్లు చూసుకుంటారు. తెలివైన పిల్లలకు పెద్దా చిన్నా తేడా లేకుండా అన్నీ చెయ్యమంటే, ఏదీ చెయ్యరు.

హాస్టల్లో పెద్దది ఫ్యాను. ఒక్కో ఫ్యాన్ చిన్నదే, కానీ వందల్లో ఉంటాయి, రోజులో సగానికి పైగా తిరుగుతాయి. పాత సీలింగ్ ఫ్యాన్ ఫుల్ స్పీడులో దాదాపు 75 వాట్లు లాగుతుంది. అదే గాలి ఇచ్చే బీఎల్‌డీసీ ఫ్యాన్‌కు (తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం మోటారు ఉన్నది) 30 వాట్లు చాలు. మీ హాస్టల్లో 300 ఫ్యాన్లున్నాయనుకుందాం. వెయ్యి వాట్లు గంటసేపు వాడితే ఒక యూనిట్ కాబట్టి, ఒక్కోటీ రోజుకు 15 గంటలు తిరిగితే తేడా రోజుకు 200 యూనిట్లు, నెలకు 6,000 యూనిట్లు. యూనిట్ ఎనిమిది రూపాయలు వేసుకున్నా నెలకు 48 వేలు. ఫ్యాన్ ఖరీదు 2,800 అనుకుంటే మొత్తం 8 లక్షల 40 వేలు, అంటే ఏడాదిన్నరలో పెట్టుబడి తిరిగి వచ్చేస్తుంది. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకు కూడా స్టార్ లేబుల్ తప్పనిసరి చేశారు కాబట్టి కొనేటప్పుడు మోసపోయే భయమూ తక్కువే. ఆ 6,000 యూనిట్లు బొగ్గు కరెంటు అయితే, యూనిట్‌కు ఏడు వందల గ్రాముల చొప్పున నాలుగు టన్నులకు పైగా బొగ్గు. ఒక్క హాస్టల్, ఒక్క నెల.

ఈ లెక్కను మీరు వేసి పిల్లలకు చెప్పొద్దు. పిల్లలతోనే వేయించండి. ఏ గదిలో ఎన్ని ఫ్యాన్లున్నాయి, వాటిలో పాతవెన్ని, రోజుకు ఎన్ని గంటలు తిరుగుతున్నాయి, ఇవన్నీ వాళ్లకే తెలుసు. నా అంకెల్లో తప్పు దొరికితే మరీ సంతోషం. రెగ్యులేటర్ మూడులో పెడితే ఫ్యాన్ 75 వాట్లు లాగదు కదా సార్ అని ఎవడో ఒకడు లేస్తాడు. లేవాలి.

తర్వాతిది నీళ్లు. ఎండల్లో బోర్లు అడుగంటే ప్రాంతాల్లో, ముఖ్యంగా రాయలసీమ కాలేజీల్లో, మూడు వందల అడుగుల లోతు నుంచి వెయ్యి లీటర్లు పైకి తెచ్చి డాబా మీది ట్యాంకులో పోయాలంటే మామూలు పంపుసెట్టుకు సుమారు ఒక యూనిట్ ఖర్చవుతుంది. ట్యాంకు నిండి గోడ వెంబడి నీళ్లు కారుతున్నా వాచ్‌మన్ వచ్చేదాకా మోటారు నడుస్తూనే ఉంటుంది. ట్యాంకు నిండగానే మోటారును ఆపేసే ఫ్లోట్ స్విచ్ కొన్ని వందల రూపాయల్లో పెడితే పోయేదానికి గోడకు పాచి పట్టేదాకా చూస్తుంటాం. చలికాలంలో స్నానాలు ఇంకో సంగతి. 20 లీటర్ల బకెట్‌ను 25 డిగ్రీల నుంచి 40 డిగ్రీలకు వేడి చేయడానికి యూనిట్‌లో మూడో వంతు పడుతుంది. ఐదు వందల మంది పిల్లలకు రోజూ 160 యూనిట్లకు పైమాటే. డాబా మీద సోలార్ వాటర్ హీటర్ పెట్టని హాస్టళ్లలో ఏం జరుగుతుందో మీకు తెలుసు. పిల్లలు ట్రంకు పెట్టెల అడుగున హీటర్ రాడ్లు దాచుకుంటారు. ప్లగ్గు ఊడిపోయిన రాడ్డు వైర్లను సాకెట్ బొర్రల్లో దూర్చి అగ్గిపుల్లలు గుచ్చి బిగిస్తారు. నా ఉద్యోగంలో నేను చూసిన కొన్ని ప్రమాదాలను తలచుకుంటే ఆ అగ్గిపుల్లలు ఇప్పటికీ టెన్షన్ పెడతాయి. రాడ్లు పట్టుకుని ఫైన్ వేస్తే సరిపోదు, వేడినీళ్ల ఏర్పాటు మీరే చెయ్యాలి.

ఎంత వాడుతున్నామన్నదే కాదు, ఎప్పుడు వాడుతున్నామన్నదీ ఇప్పుడు ముఖ్యమైంది. మా రోజుల్లో ఈ మాట ఇంతగా లేదు. కర్నూలు దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు వచ్చింది, అనంతపురం వైపు ఎన్.పి.కుంటలో వచ్చింది, రామగుండంలో రిజర్వాయర్ నీళ్ల మీద తేలే వంద మెగావాట్ల ప్లాంటు 2022లో పూర్తయింది. పగలంతా సోలార్ కరెంటు దండిగా ఉంటుంది. సాయంత్రం ఆరు దాటాక సూర్యుడు దిగిపోతాడు, సరిగ్గా అప్పుడే జనమంతా ఇళ్లకు చేరి స్విచ్చులు వేస్తారు. ఆ లోటు బొగ్గుతోనో, శ్రీశైలం, సాగర్‌లలో నీళ్లుంటే వాటితోనో పూడ్చాలి, లేదంటే కొనుక్కోవాలి. రాష్ట్రాలు కరెంటు కొనుక్కునే మార్కెట్ అయిన పవర్ ఎక్స్ఛేంజీలో మిట్టమధ్యాహ్నం రెండు మూడు రూపాయలకు దొరికే యూనిట్ ఎండాకాలం సాయంత్రాల్లో పది రూపాయల గరిష్ఠ పరిమితిని తాకిన రోజులున్నాయి.

మీ క్యాంపస్‌లో మోటార్లు ఎన్నింటికి వేస్తున్నారు? చాలాచోట్ల సాయంత్రం, పిల్లలు స్నానాలకు వెళ్లే ముందు. వాషింగ్ మెషీన్లు? రాత్రి. ఇస్త్రీ? పొద్దున హడావిడిలో. ఇందులో మోటార్లను పదకొండు నుంచి మూడు మధ్యకు జరపడానికి ఒక్క రూపాయి ఖర్చు లేదు. ఆదివారం మధ్యాహ్నం బట్టలు ఉతుక్కోమంటే పిల్లలు గునుస్తారు, కానీ కారణం చెబితే వింటారు. ఇంజనీరింగ్ పిల్లలకైతే ఇదే రేపటి ఉద్యోగం. పిన్నాపురంలో పంప్డ్ స్టోరేజీ (మిగులు కరెంటుతో నీళ్లు పైకి తోడి, అవసరమైనప్పుడు కిందికి వదిలి కరెంటు తీసే ప్లాంటు) కట్టింది ఎందుకు? మిట్టమధ్యాహ్నం మిగిలిన కరెంటును సాయంత్రానికి దాచుకోవడానికే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఒక కాలేజీలో నా ఉపన్యాసం అయిపోయాక ప్రశ్నలడగమన్నారు. వెనక వరుసలో ఒకమ్మాయి లేచి, "సార్, మేమంతా లైట్లు, ఫ్యాన్లు ఆపితే మిగిలే డబ్బు ఎవరికి పోతుంది?" అంది. హాలంతా నవ్వింది. ప్రిన్సిపాల్ గారూ నవ్వారు. అమ్మాయి మాత్రం నవ్వలేదు. "హాస్టల్ ఫీజు తగ్గదు కదా సార్?" అని మళ్లీ అడిగింది. డబ్బు మాట పక్కనపెట్టమ్మా, పర్యావరణం కోసం అని ఒక లెక్చరర్ గారు సర్దిచెప్పబోయారు. ఆ అమ్మాయి కూర్చుంది గానీ, ఆ జవాబు ఆమెకు ఆనలేదని ముఖం చూస్తేనే తెలిసింది. నాకూ ఆనలేదు. ఏసీ క్యాంపస్‌కు ఒక ఫీజు, నాన్ ఏసీకి ఒక ఫీజు అని బ్రోచర్‌లో వేసి డబ్బు లెక్క నేర్పింది మనమే. పొదుపు దగ్గరికి వచ్చేసరికి మాత్రం డబ్బు మాట ఎత్తొద్దంటే ఎలా?

అందుకే నా విన్నపం సూటిగా చెబుతున్నాను. ఆదా అయిన డబ్బులో సగం పిల్లలకు ఇవ్వండి. చేతికి కాదు, హాస్టల్ కమిటీకి. వాళ్లు దాంతో షటిల్ కోర్టు వేయించుకుంటారో, రీడింగ్ రూమ్‌కు పుస్తకాలు కొంటారో, మెస్‌లో నెలకో రోజు బిర్యానీ పెట్టించుకుంటారో వాళ్ల ఇష్టం. మిగతా సగం మీదే. మీకు వచ్చే నష్టం ఏమీ లేదు, ఇప్పుడు ఆ డబ్బు మొత్తం కరెంటు పంపిణీ చేసే డిస్కంకు పోతోంది.

లెక్క ఎలా కట్టాలన్న గొడవ రాకుండా ఒక పద్ధతి చెబుతాను. మొత్తం బిల్లును పోల్చకండి. అడ్మిషన్లు పెరిగితే బిల్లు పెరుగుతుంది, పిల్లలు చేసింది కనబడకుండా పోతుంది. నెల యూనిట్లను హాస్టల్లో ఉన్న పిల్లల సంఖ్యతో భాగించండి. వచ్చిన తలసరి యూనిట్లను నిరుటి అదే నెలతో పోల్చండి, ఏప్రిల్‌ను ఏప్రిల్‌తో, డిసెంబర్‌ను డిసెంబర్‌తో. పరీక్షల సెలవులు ముందూ వెనకా అయితే ఆ నెలను వదిలేయండి. ఒక్కో బ్లాకుకు సబ్ మీటర్ పెట్టిస్తే ఇంకా మంచిది, కొన్ని వేల రూపాయల్లో అయిపోయే పని. వారానికోసారి, ఆదివారం టిఫిన్ తర్వాత, ఇద్దరు పిల్లలు వెళ్లి రీడింగ్ తీసి మెస్ ముందు బోర్డు మీద రాయాలి. ఇద్దరూ ప్రతి నెలా మారాలి. బ్లాకుల మధ్య పోటీ మీరు పెట్టనక్కర్లేదు, బోర్డు మీద అంకెలు పక్కపక్కన పడితే వాళ్లే పెట్టుకుంటారు.

ఈ పేరుతో చెయ్యకూడనివి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ ఉత్తరం పట్టుకుని అత్యుత్సాహం చూపే వార్డెన్లు ఉంటారని నాకు అనుమానం. రాత్రిపూట పిల్లలు పడుకునే గదుల్లో ఫ్యాన్ జోలికి పోవద్దు. మే నెల ఉక్కపోతలో పిల్లల్ని చెమటల్లో పడుకోబెట్టి మిగిల్చే యూనిట్ నాకొద్దు, దేశానికీ వద్దు. అమ్మాయిల హాస్టల్ కారిడార్లలో, బాత్‌రూమ్‌ల దారిలో, గేటు దగ్గర లైట్లు ఆపకూడదు. అక్కడ పాత ట్యూబ్‌లైట్లు తీసి ఎల్‌ఈడీ వేస్తే చోక్‌తో కలిపి యాభై వాట్లకు పైగా లాగేది ఇరవైకి దిగుతుంది, వెలుతురు తగ్గదు. అలాగే, యూనిట్లు పెరిగిన బ్లాకుకు ఫైన్ వేయొద్దు. ఫైన్ పడిన రోజే మీటరు పిల్లలకు శత్రువవుతుంది.

ఏసీ క్యాంపస్‌ల గురించి కాస్త నిష్ఠూరంగానే రాస్తున్నాను. 2020 జనవరి నుంచి దేశంలో అమ్మే స్టార్ రేటింగ్ గది ఏసీలన్నీ 24 డిగ్రీల డిఫాల్ట్‌తో రావాలని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ నిబంధన పెట్టింది. ఒక్కో డిగ్రీ పెంచితే ఆరు శాతం దాకా కరెంటు మిగులుతుందని ఆ సంస్థే చెబుతుంది. 18 నుంచి 24కు వెళ్తే ముప్పై శాతం దరిదాపు. అయినా మీ క్లాసురూముల్లో పిల్లలు స్వెటర్లు వేసుకుని కూర్చోవడం నేను చూశాను, హైదరాబాద్‌లో, ఏప్రిల్‌లో! రిమోట్ ఎవరి దగ్గర ఉందని అడిగితే అటెండర్ దగ్గర అన్నారు. రిమోట్ క్లాసుకు ఇచ్చేయండి, 24 అంకెను బోర్డు మీద రాయండి, చలేస్తోందన్న పిల్లల మాట విని పెంచే అధికారం క్లాస్ రిప్రజెంటేటివ్‌కు ఇవ్వండి. పై అంతస్తు గదులు కాగిపోతున్నాయని ఏసీలు పెంచుకుంటూ పోయేముందు డాబాకు తెల్ల కూల్ పెయింట్ వేయించి చూడండి. తెలంగాణ ప్రభుత్వం 2023లోనే కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. గదిలో రెండు మూడు డిగ్రీలు తగ్గితే పిల్లలకే తెలిసిపోతుంది. ఎన్‌ఎస్‌ఎస్ పిల్లలు ఒక సెలవు రోజు బ్రష్‌లు పట్టుకుంటే అయిపోతుంది, కాస్త పిట్టగోడ ఉన్న డాబా అయితే చాలు.

సోలార్ ప్యానెల్స్ పెట్టాం కదా, ఇక పొదుపెందుకు అనే యాజమాన్యాలూ ఉన్నాయి. ఒక కిలోవాట్ ప్యానెల్ రోజుకు సగటున నాలుగు యూనిట్లిస్తుంది. ముందు ఫ్యాన్లు మార్చి రోజుకు 200 యూనిట్లు తగ్గించుకుంటే యాభై కిలోవాట్ల ప్యానెల్స్ కొనే ఖర్చు తప్పుతుంది. వరుస ముఖ్యం.

పిల్లల్ని విహారయాత్రలకు తీసుకెళ్తారు, ఇండస్ట్రియల్ విజిట్ అని రాసుకుని ఊటీ, గోవా కూడా తీసుకెళ్తారు (కాదనకండి). ఒక్కసారి అనుమతి తీసుకుని రామగుండమో, కొత్తగూడెమో, ఇబ్రహీంపట్నమో, పరవాడ సింహాద్రో, ఏదో ఒక బొగ్గు కరెంటు ప్లాంటుకు తీసుకెళ్లండి. సింగరేణి ఓపెన్ కాస్ట్ గని అంచున నిలబెట్టి కిందికి చూపించండి. మన బొగ్గులో మూడో వంతు దాకా బూడిదే. కరెంటు మన ఊరికొస్తుంది, బూడిద అక్కడే ఉంటుంది. బూడిద చెరువు పక్కన ఊళ్లలో గాలి వీచే రోజున డాబా మీద బట్టలు ఆరేసుకోవడం కుదరదు. అక్కడి ఇంటర్ పిల్లలకు పర్యావరణం మీద వ్యాసరచన పోటీ పెడితే మన పిల్లలు రాసేది వేరు, వాళ్లు రాసేది వేరు. ఆ పిల్లలతో మీ పిల్లల్ని ఒక గంట మాట్లాడనివ్వండి. నా బోటి వాళ్ల ఉపన్యాసాలు అప్పుడు అవసరమే ఉండదు.

ఇంజనీరింగ్ కాలేజీలకు ప్రత్యేకంగా ఒక మాట. మీది హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్, బిల్లు ఇళ్లకు వచ్చే మామూలు యూనిట్లలో కాక కేవీఏహెచ్‌లలో వస్తుంది. పవర్ ఫ్యాక్టర్ (తీసుకున్న కరెంటులో నిజంగా పనికి వచ్చే వంతు) పడిపోతే అదే పనికి ఎక్కువ కడతారు. కాంట్రాక్ట్ డిమాండ్ (ఒకేసారి ఇంత లోడు దాకా వాడతామని ముందే ఒప్పుకున్న పరిమితి) దాటితే పెనాల్టీ. పవర్ ఫ్యాక్టర్ మీద పది మార్కుల ప్రశ్న పొల్లుపోకుండా రాసే ఈఈఈ విద్యార్థి, తన కాలేజీ సబ్‌స్టేషన్‌లో దాన్ని సరిచేసే కెపాసిటర్ ప్యానెల్ పనిచేస్తోందో లేదో నాలుగేళ్లలో ఒక్కసారి చూడడు. ఎలక్ట్రీషియన్‌ను పక్కన పెట్టుకుని, అన్ని జాగ్రత్తలతో, తలుపు బయట నుంచే మీటర్లు చూపించినా చాలు. పన్నెండు నెలల బిల్లులు ఇచ్చి మినీ ప్రాజెక్టు చేయమనండి. ఇప్పుడు డబ్బులిచ్చి కొనుక్కొస్తున్న ప్రాజెక్టుల కన్నా నయం. జనరేటర్ లెక్క కూడా అందులో చేర్చండి. లీటరు డీజిల్‌కు మూడు, మూడున్నర యూనిట్లకు మించి రావు. కరెంటు పోయినప్పుడు మొత్తం క్యాంపస్‌ను జనరేటర్ మీద నడపాలా, ఏ ఫీడర్లు ఆపొచ్చు అన్నది ఆ పిల్లలే చెబుతారు.

ఇంటర్ బోర్డుల పెద్దలు ఇది చదివితే వారికీ ఒక విన్నపం. మొదటి ఏడాది పిల్లలు ఎన్విరాన్‌మెంటల్ ఎడ్యుకేషన్ పరీక్ష రాస్తూ వచ్చారు. పాసైతే చాలు, మార్కులు టోటల్‌లో కలవవు, కాబట్టి ముందురోజు గైడ్ తిరగేసి రాసేస్తారు. ఆ పేపర్‌లో ఒక భాగం తీసేసి దాని బదులు తమ ఇంటి బిల్లో, హాస్టల్ మీటరో మూడు నెలలు రాసుకుని ఒక పేజీ విశ్లేషణ ఇవ్వమనండి. గైడులో దొరకని జవాబు అది.

మీరు చెప్పబోయే అభ్యంతరాలు నాకు తెలుసు. ఈఏపీసెట్, జేఈఈ తరుముతుంటే మీటర్లు చూడటానికి టైమెక్కడుంది అంటారు. వారానికి పావుగంట, అదీ ఇద్దరికి. తల్లిదండ్రులు ఏసీ అడుగుతున్నారంటారు. ఏసీ తీసేయమని నేను అనలేదు. మా బిల్లు బయటపెడితే ఫీజుల గురించి ప్రశ్నలు వస్తాయని మనసులో అనుకుంటారు. వస్తాయి. రూపాయలు చూపించడం ఇబ్బందయితే మొదటి ఏడాది యూనిట్లే చూపించండి, సగం వాటా లెక్క మాత్రం కమిటీ ముందు పెట్టండి. ఇక అద్దె భవనంలో హాస్టల్ నడుపుతున్నవాళ్లు ఓనర్ ఫ్యాన్లు మార్చడు, మేం ఎందుకు పెట్టాలి అంటారు. ఫ్యాన్లు గోడలు కావు, ఖాళీ చేసేటప్పుడు విప్పుకుని పట్టుకెళ్లొచ్చు.

మొదలుపెట్టడానికి డిసెంబర్ దాకా ఆగక్కర్లేదు. ఈ నెల బిల్లు రాగానే జెరాక్స్ తీసి మెస్ ముందు అంటించండి. అందులో మొత్తం యూనిట్లు, రికార్డయిన గరిష్ఠ డిమాండ్, పవర్ ఫ్యాక్టర్, ఈ మూడింటి కింద ఎర్ర పెన్నుతో గీత గీయండి. పక్కన హాస్టల్లో ఎంతమంది ఉన్నారో రాయండి. బిల్లులో ఏదైనా గడి అర్థం కాకపోతే మీ డిస్కం ఆఫీసులో అడిగితే చెబుతారు. పిల్లల్నే పంపి అడిగిస్తే ఇంకా మేలు.

ఇట్లు,
విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరైన ఒక ఇంజనీరు